పరదేశమున మన రూపాయి

విదేశయాత్ర ఒకప్పుడు ఏ కొందరికో దక్కెడి భాగ్యము. నేడట్లు గాదు. అమెరికాలో కుమారుడో, ఆస్ట్రేలియాలో కుమార్తెయో, కువైటులో తమ్ముడో లేని గ్రామము తెలుగునాట అరుదు. కోడలి పురిటికని, మనుమని స్నాతకోత్సవమునకని, తీర్థయాత్రకని, ఉద్యోగమునకని ఏటేట ఎందరో విమానమెక్కుచున్నారు. ఆ యిండ్లలో నెలదినములు ముందుగనే సన్నాహము లారంభమగును. ఊరగాయ డబ్బాకు మూత గట్టిగా బిగిసినదా, చలికోట్లు చాలునా, మందులకు వైద్యుని చీటీ యున్నదా యని పదిమారులు చూచుకొందురు. డబ్బు సంగతి మాత్రము కడపటి సాయంకాలమునకు మిగిలిపోవును. విమానాశ్రయమున మార్చుకొనవచ్చును లెమ్మని ఇంటిపెద్ద తేల్చివేయును.

ఆ యొక్క మాటకు వేల రూపాయలు వెల యగుట కలదు. జేబుదొంగ కొట్టిన సొమ్ము లెక్క వెంటనే తెలియును. మారకములో పోయిన సొమ్మునకు లెక్క తెలియదు. అది నష్టమని ఏ రశీదుపైనను వ్రాసియుండదు. రెండు ధరల నడుమ అది దాగియుండును. ఉద్యోగ విరమణ చేసి, పింఛను సొమ్ములో కొంత కొంత మిగిల్చి బయలుదేరు దంపతులకు ఆ మొత్తము స్వల్పము గాదు. దాగియున్న ఆ ఖర్చును ఎట్లు గుర్తింపవలెనో, చట్టము మనల నేమి యడుగునో, ఏ రూపమున ఎంత సొమ్ము వెంట నుంచుకొనవలెనో ఈ ప్రసంగమున విచారింతము.

నాణెముల మారకము మన పెద్దలకు తెలియని విద్య గాదు. పూర్వము మన పట్టణములలో షరాబు లుండెడివారు. నాణెమును మ్రోగించి, తూచి, గీటురాతిపై గీచి, మంచిచెడ్డలు నిర్ణయించి, తమ వట్టము తాము పట్టుకొని, మరియొక నాణెము నిచ్చెడివారు. హైదరాబాదు సంస్థానమునకు స్వంత రూపాయి యుండినది. దానిని హాలీ సిక్కా యనెడివారు. బ్రిటిషు ఇండియా రూపాయికి కల్దారని పేరు. 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలు సరి. బెజవాడనుండి హైదరాబాదు వెళ్ళువారు సముద్రము దాటకయే, భాష మారకయే డబ్బు మార్చుకొనవలసి వచ్చెడిది. 1950లో భారత రూపాయి అచ్చట ప్రవేశించినది. 1951లో హాలీ సిక్కా విడుదల నిలిచినది. 1959లో దాని చెల్లుబాటు ముగిసినది.

అదే 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతము కొరకు ప్రత్యేకముగా రూపాయి నోట్లను విడుదల చేసినది. ఆ కాలమున కువైటు, బహ్రేయిను, కతారు మొదలగు చోట్ల బజారులో చెల్లెడి ద్రవ్యము మన రూపాయియే. 1961లో కువైటు, 1965లో బహ్రేయిను తమ దినారులను ప్రవేశపెట్టినవి. 1966 జూన్ 6వ తేదీన మన రూపాయి విలువ తగ్గింపబడినది. డాలరుకు 4 రూపాయల 76 పైసలుగా నున్నది 7 రూపాయల 50 పైసలైనది. తక్కిన గల్ఫు రాజ్యములును రూపాయిని విడిచినవి. ఒమాను 1970 వరకు నిలిపినది. నాడు రూపాయి చెల్లిన ఆ రేవులకే నేడు కరీంనగరమునుండి, నిజామాబాదునుండి, కోనసీమనుండి, కడపనుండి పనికి వెళ్ళువారు దినారులును దిర్హములును సంపాదించి రూపాయలుగా మార్చుకొనుచున్నారు.

షరాబులు పోయినను వట్టము పోలేదు. దాని పేరును రూపమును మాత్రము మారినవి. నేటి వట్టము ఎచ్చట నుండునో చూతము.

ఏ విదేశ ద్రవ్యమునకైనను అంగడిలో రెండు ధరలుండును. వ్యాపారి మనకు డాలరు నిచ్చునపుడు పుచ్చుకొనునది అమ్మకపు ధర. మనయొద్ద డాలరును తీసికొని రూపాయలిచ్చునపుడు చెల్లించునది కొనుగోలు ధర. ఈ పేర్లు వ్యాపారి దృష్టితో పెట్టినవి. మనము కొనునపుడు చూడవలసినది అతని అమ్మకపు ధర యని గుర్తుంచుకొనవలెను. ఈ రెంటికిని నడుమ, బ్యాంకులు పెద్దమొత్తములలో తమలో తాము మార్చుకొను ధర యొకటి యుండును. వార్తలలో మనము వినునది ఈ నడిమి ధరయే. ఆ ధరకు సామాన్య ప్రయాణికునికి డాలరు దొరకదు.

ఒక లెక్క వేయుదము. నడిమి ధర డాలరుకు 90 రూపాయలనుకొందము. ఇది లెక్క సులువు కొరకు తీసికొన్న అంకె మాత్రమే. ఊరిలోని ఒక వ్యాపారి 91 రూపాయల 50 పైసలకు అమ్మి, 88 రూపాయలకు కొనుచున్నాడు. మనము 1,000 డాలర్లు కొని 91,500 రూపాయలు చెల్లించితిమి. ప్రయాణమున 600 డాలర్లు ఖర్చై 400 మిగిలినవి. వానిని తిరిగి అతనికే ఇచ్చిన 35,200 రూపాయలు వచ్చును. అనగా ఖర్చు చేసిన 600 డాలర్లకు మనకు పడినది 56,300 రూపాయలు. ఇక తొందరలో నున్నవారి కొరకు తెరచిన మరియొక కౌంటరులో 95 రూపాయలకు అమ్మి, 84 రూపాయలకు కొనుచున్నారనుకొందము. అచ్చట 1,000 డాలర్లకు 95,000 రూపాయలు చెల్లించి, మిగిలిన 400 డాలర్లకు 33,600 రూపాయలు పుచ్చుకొందుము. ఖర్చు చేసినవి ఆ 600 డాలర్లే. పడినది మాత్రము 61,400 రూపాయలు. కౌంటరు మారినందులకు 5,100 రూపాయల భేదము వచ్చినది. ఈ రెండు చోట్లను గోడమీద "కమిషను లేదు" అను పలక వ్రేలాడుచుండవచ్చును. ఆ పలక అబద్ధము గాదు. కమిషను ధరలోనే కలిసియున్నది.

దీని నుండి రెండు సూత్రములు తేలుచున్నవి. అమ్మకపు, కొనుగోలు ధరల నడుమ ఎడమెంత హెచ్చుగా నున్నదో మన నష్టమంత హెచ్చు. మరియు, అవసరమునకు మించి కొన్న ప్రతి డాలరును రెండుమారులు వట్టము చెల్లించును, పోవునపుడొకసారి, వచ్చునపుడొకసారి.

నడిమి ధరను తెలిసికొనుట కష్టము గాదు. డాలరు, పౌను, యూరో, యెను మొదలగువాని రూపాయి విలువను పనిదినములందు ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అను సంస్థ ప్రకటించుచున్నది. 2018 జూలైకి ముందు ఈ పనిని రిజర్వు బ్యాంకే చేసెడిది. యెను ధరను మాత్రము నూరు యెనులకు చెప్పుదురు. దానిని ఒక్క యెను ధర యని భ్రమపడరాదు. ఈ ధరను ఒక కాగితముపై వ్రాసికొని రెండు మూడు చోట్ల విచారించినచో ఎవరెంత పట్టుకొనుచున్నారో తెలిసిపోవును. విచారించునపుడు "డాలరెంత?" అని అడుగుటకంటె, "అన్ని రుసుములును పన్నులును కలిపి, నాచేతికి 1,000 డాలర్లు వచ్చుటకు నేనెన్ని రూపాయలు చెల్లింపవలెను?" అని అడుగుట మేలు. ఆ ప్రశ్నకు వచ్చెడి జవాబులను పోల్చి చూచిన చాలును.

పన్ను సంగతియు చెప్పవలెను. మారకముపై వస్తుసేవల పన్ను కలదు. ఇది మార్చుకొన్న మొత్తమంతటిపై పడునది గాదు. లక్ష రూపాయల వరకు మార్చుకొన్నచో మొత్తములో నూటికి 1 వంతును, కనీసము 250 రూపాయలను, సేవ విలువగా లెక్కించి, ఆ విలువపై నూటికి 18 చొప్పున పన్ను వేయుదురు. మన లెక్కలోని 91,500 రూపాయలపై సేవ విలువ 915 రూపాయలు. పన్ను సుమారు 165 రూపాయలు. ఇంతకంటె మిక్కిలి హెచ్చుగా పన్ను పేరిట అడిగినచో రశీదు చూపుమని అడుగుటకు మనకు హక్కు కలదు.

ఇక చట్టము. మన సొమ్ముతో మనము డాలర్లు కొనుటకు ప్రభుత్వమునకు లెక్క యెందుకు చెప్పవలెనని కొందరి ప్రశ్న. దీనికి చరిత్రయే సమాధానము. విదేశ మారక ద్రవ్యము దేశమంతటికిని ఉమ్మడి నిధివంటిది. పెట్రోలియము, ఎరువులు, యంత్రములు కొనుటకు ఆ నిధియే ఆధారము. అది కొరతగా నున్న దినములలో 1947 నాటి నియంత్రణ చట్టమును, పిదప మరింత కఠినమైన 1973 నాటి చట్టమును అమలులో నుండినవి. జేబులో ఎనిమిది డాలర్లతో విమానమెక్కిన విద్యార్థుల మాట ఆ తరమువారు నేటికిని చెప్పుచుందురు. 1991లో నిధి దాదాపు అడుగంటి, మూడు వారముల దిగుమతులకైనను చాలునా యను స్థితి వచ్చినది. ఆ సంవత్సరము రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారమును విదేశ బ్యాంకులలో కుదువబెట్టినది. తరువాత పరిస్థితి మెరుగుపడినది. 1999లో క్రొత్త చట్టము చేయబడి, 2000 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పాత చట్టము అనుమానముతో చూచినదానిని క్రొత్త చట్టము క్రమబద్ధము చేయుటతో సరిపుచ్చినది. అందుచేత నేడు మనకు స్వేచ్ఛ కలదు. దానికి కొన్ని హద్దులును కలవు.

భారతదేశమున నివసించు వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరములో 2,50,000 డాలర్ల వరకు విదేశ ద్రవ్యమును ప్రయాణము, చదువు, వైద్యము మొదలగు అనుమతింపబడిన పనులకు పొందవచ్చును. 2004లో ఈ పథకము 25,000 డాలర్లతో ఆరంభమైనది. అయితే ఈ మొత్తమునంతయు నోట్లుగా తీసికొనిపోరాదు. అమెరికా, బ్రిటను, ఆస్ట్రేలియా, గల్ఫు రాజ్యములు మొదలగు అధిక దేశములకు ఒక్కొక్క ప్రయాణమునకు 3,000 డాలర్ల విలువకు మించి నోట్లు, నాణెములు ఇయ్యరు. మిగిలినది కార్డు రూపమున గాని బ్యాంకు ద్వారా గాని తీసికొనవలెను. హజ్ యాత్రికులకును, మరికొన్ని దేశములకు బోవువారికిని వేరు నియమములు కలవు. మన రూపాయి నోట్లను 25,000 రూపాయల వరకు వెంట తీసికొనిపోవచ్చును; తిరుగుప్రయాణమున ఇంటికి చేరు టాక్సీకి అవి పనికివచ్చును.

విదేశ ద్రవ్యమును రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన బ్యాంకులయొద్దను, మారక వ్యాపారులయొద్దను మాత్రమే కొనవలెను. 50,000 రూపాయలు, అంతకు మించిన మొత్తమును రొక్కముగా చెల్లింపరాదు. బ్యాంకు ఖాతానుండి చెల్లింపవలెను. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు, పాన్ కార్డు వెంట నుంచుకొనవలెను. సంవత్సరములో తీసికొన్నది నియమితమైన మొత్తమును దాటినచో ఆదాయపు పన్ను క్రింద కొంత ముందుగనే వసూలు చేయుదురు. ఆ మొత్తమును రేటును బడ్జెట్లలో మారుచుండును గనుక బ్యాంకులో అడిగి తెలిసికొనవలెను. ఆ వసూలు పోయిన సొమ్ము గాదు. ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేయునపుడు దానిని సరిపెట్టుకొనవచ్చును, హెచ్చైనచో తిరిగి పొందవచ్చును. పన్ను పరిధిలో లేని పెద్దలు చాలమంది ఈ సంగతి తెలియక వదలివేయుచుందురు.

తెలిసినవారి ద్వారా మంచి ధరకు డాలర్లిప్పింతుమని, రశీదు అక్కరలేదని చెప్పువారు ప్రతి ఊరిలోను తారసపడుదురు. గల్ఫునుండి ఇంటికి సొమ్ము పంపుటలోను ఇదే మాట వినబడును. ఆ మార్గమున నోట్లు దొంగవైనను, సొమ్ము చేరకపోయినను ఫిర్యాదు చేయుటకు చోటు లేదు. ఫిర్యాదు చేసినవాడే చట్టమునకు జవాబు చెప్పవలసి యుండును. మండుటెండలో రెండేండ్లు కూడబెట్టిన సొమ్మును రూపాయకు పదిపైసల ఆశతో అట్టి చేతులలో పెట్టుట తగదు.

నేపాలు, భూటాను దేశముల దారి వేరు. పశుపతినాథుని, ముక్తినాథుని దర్శనమునకు బోవు మన యాత్రికులకు విదేశ ద్రవ్యము ఇయ్యరు, దాని యవసరమును లేదు. 1993 నుండి మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు స్థిరముగా చెల్లుచున్నవి. భూటాను ద్రవ్యము మన రూపాయికి సరిసమానము. అయితే పెద్దనోట్లను గూర్చిన నియమములు మారుచుండును గనుక నూరు రూపాయల నోట్లను దగ్గర నుంచుకొనుట క్షేమము.

సొమ్మును ఏ రూపమున తీసికొనిపోవలెను? ఒకప్పుడు ట్రావెలర్స్ చెక్కులు ప్రయాణికునికి గొప్ప అండ. కొన్నపుడొక సంతకము, మార్చునపుడొక సంతకము. పోయినచో తిరిగి ఇచ్చెడివారు. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ వానిని ప్రవేశపెట్టినది. నేడవి దాదాపు కనుమరుగైనవి. పుచ్చుకొను అంగడియే అరుదు. ఇప్పుడు మనకు మిగిలినవి మూడు: నోట్లు, ముందుగా సొమ్ము నింపిన ప్రయాణపు కార్డు, మన బ్యాంకు కార్డు. ఈ మూటిలో దేని పని దానిదే.

నోట్లు మొదటి రెండు దినములకును, కార్డు పనిచేయనిచోటికిని. అన్నియు నూరు డాలర్ల నోట్లుగా తీసికొనరాదు. ఒకటి, అయిదు, పది, ఇరువది డాలర్ల నోట్లు కొన్నిటిని అడిగి పుచ్చుకొనవలెను. ప్రయాణపు కార్డులో ఖర్చులో అధికభాగము నింపవలెను. నింపిన దినముననే ధర నిర్ణయమగును గనుక పిదప డాలరు పెరిగినను మనకు చింత లేదు. కాని డాలర్లు నింపిన కార్డును దారిలో దుబాయిలోనో దోహాలోనో కాఫీకి గీచినచో, డాలరును ఆ దేశపు ద్రవ్యముగా మార్చినందులకు వేరుగా రుసుము పడును. మూడవది బ్యాంకు కార్డు. దానిని ఆపదకు దాచుకొనవలెను. హోటలువారును కారు అద్దెకిచ్చువారును హామీ క్రింద కొంత మొత్తమును కార్డుపై నిలిపియుంచుదురు. అట్టిచోట క్రెడిట్ కార్డు చూపుట మంచిది, లేకున్న మన చేతిఖర్చు సొమ్మే బిగిసిపోవును.

బ్యాంకు కార్డు విషయమున ఒక ముఖ్యమైన సంగతి కలదు. 2020 అక్టోబరు నుండి మన బ్యాంకులు ఇచ్చు క్రొత్త కార్డులు దేశములోపల మాత్రమే పనిచేయునట్లు వచ్చును. విదేశములలో పనిచేయవలెనన్న మనమే బ్యాంకు యాప్‌లోనో శాఖలోనో ఆ సౌకర్యమును తెరిపించుకొనవలెను, దినసరి పరిమితిని నిర్ణయించుకొనవలెను. ఖాతాలో లక్షలుండియు, పరదేశపు మందుల దుకాణములో కార్డు తిరస్కరింపబడి నిలుచుండిపోవుట దీని వలననే జరుగుచుండును. ఓటీపీ మన భారతీయ ఫోను నంబరునకే వచ్చును గనుక ఆ సిమ్‌కు విదేశములలో సందేశము లందునట్లు చేసికొనవలెను. యూపీఐ చెల్లింపులు సింగపూరు, మారిషస్, శ్రీలంక మొదలగు కొన్ని దేశములలో కొన్నిచోట్ల సాగుచున్నవి. సాగినచోట మంచిదే, దానినే నమ్ముకొని బయలుదేరరాదు.

భార్యాభర్తలు ప్రయాణమగునపుడు సొమ్మంతయు ఒకరి సంచిలో పెట్టుట మన యిండ్ల అలవాటు. అది మానవలెను. ఇద్దరికిని వేరువేరు కార్డులు, కొన్ని నోట్లు ఉండవలెను. కార్డు నంబరును రద్దు చేయించుటకు పిలువవలసిన ఫోను నంబరును ఒక చీటీపై వ్రాసి, కార్డుతో గాక వేరుగా నుంచవలెను. రహస్యసంఖ్యను ఎచ్చటను వ్రాయరాదు. ఒకరికి ఆరోగ్యము చెడినపుడు రెండవవారు అంగడిలో ఒక రొట్టెయైనను కొనగలుగవలెను. దానికి ఇంట్లోనే ఒకటి రెండుమారులు అభ్యాసము చేయించుట కుమార్తెలకును కోడండ్రకును కష్టమైన పని గాదు.

పరదేశమున అడుగిడిన పిదప కార్డుయంత్రము ఒక ప్రశ్న వేయును: "రూపాయలలో చెల్లింతురా, డాలర్లలో చెల్లింతురా?" అని. రూపాయియను మాట చూడగానే మనకు చుట్టము కనబడినట్లుండును. ఆ యంత్రమునకు డాలరనియే చెప్పవలెను. రూపాయి యన్నచో మారకపు ధరను ఆ అంగడివైపువారే నిర్ణయింతురు. 200 డాలర్ల వస్తువు కొన్నామనుకొందము. డాలరు 90 రూపాయల లెక్కను 18,000, దానిపై మన బ్యాంకు నూటికి మూడున్నర చొప్పున పట్టినను 630 రూపాయలు, మొత్తము 18,630. అదే యంత్రము డాలరును 95 రూపాయలుగా కట్టినచో 19,000. కొన్ని బ్యాంకులు దీనిపైన మరల తమ రుసుమును వేయుచున్నవి. ఏటీఎంలోను ఈ ప్రశ్నయే వచ్చును, జవాబును అదే. ఏటీఎంలో తీసినప్రతిసారి ఆ యంత్రము పెట్టినవారును మన బ్యాంకును వేరువేరుగా రుసుము పట్టవచ్చును గనుక, పదిసార్లు కొద్దికొద్దిగా తీయుటకంటె ఒకసారి కావలసినంత తీయుట మేలు.

నోట్లను నాణెములను గుర్తించుటయు ఒక చిన్న చదువు. మన నోట్లు విలువనుబట్టి పరిమాణము మారుచుండును. అమెరికా నోట్లన్నియు ఒకే పరిమాణము. రంగులోను భేదము స్వల్పము. ఒక డాలరనుకొని ఇరువది డాలర్లిచ్చుట ముసలివారికి తరచు జరుగు పొరపాటు. అచ్చటి పది సెంట్ల నాణెము అయిదు సెంట్ల నాణెముకంటె చిన్నది! కువైటు దినారునకు వేయి ఫిల్సులు గనుక బిల్లులో చుక్క తరువాత మూడంకె లుండును; 2.500 అన్నచో రెండున్నర దినారులేగాని రెండువేల అయిదువందలు గాదు. జర్మనీ మొదలగు దేశములలో మనము చుక్క పెట్టుచోట కామాను, కామా పెట్టుచోట చుక్కను పెట్టుదురు. అమెరికా అంగళ్లలో వస్తువుపై వ్రాసిన వెలకు అమ్మకపు పన్ను చాల రాష్ట్రములలో బిల్లులో కలియును; భోజనశాలలో వడ్డించినవారికి నూటికి పదునైదునుండి ఇరువది వరకు విడిగా ఇచ్చుట అచ్చటి ఆచారము. పది డాలర్లని చూచి పది డాలర్లే చేతబట్టుకొని కూర్చున్నచో చిన్నబోవలసి వచ్చును.

మరియొక చిత్రమైన బాధ కలదు. మన పెద్దలు ప్రతి వెలను తొంబదితో గుణించి చూచుకొందురు. నాలుగు డాలర్ల కాఫీ 360 రూపాయలని తెలియగానే కాఫీ వద్దందురు. దాహము వేసినను నీళ్ల సీసా కొననీయరు. పిల్లలు నొచ్చుకొందురు. గుణకారము మంచిదే, అది బయలుదేరకముందు చేయవలసినది. దినమునకింతయని ముందుగనే నిర్ణయించుకొని, ఆ మొత్తమును డాలర్లలోనే తలచుకొన్నచో కాఫీ చేదెక్కదు. పెద్ద వస్తువు కొనునపుడు మాత్రము మరల గుణించి, అది మన ఊరిలో ఎంతకు దొరకునో ఆలోచింపవలెను.

తిరుగుప్రయాణమునకును నియమములు కలవు. అమెరికాలోనికి గాని అచ్చటినుండి వెలుపలికి గాని 10,000 డాలర్లకు మించిన నగదు తీసికొనిపోవునపుడు అచ్చటి కస్టమ్సు అధికారులకు తెలుపవలెను. కలిసి ప్రయాణించు కుటుంబమునకు ఈ లెక్క ఉమ్మడిగా కట్టుదురు. భర్తయొద్ద ఆరువేలు, భార్యయొద్ద ఆరువేలు వేరువేరని చెప్పికొనుట చెల్లదు. తెలిపినందులకు పన్ను లేదు. తెలుపనిచో సొమ్ము స్వాధీనము చేసికొనవచ్చును. భారతదేశమున దిగునపుడు 5,000 డాలర్ల విలువకు మించిన నోట్లున్నను, చెక్కులతో కలిపి 10,000 డాలర్లకు మించినను కస్టమ్సువారికి ప్రకటనపత్రము నింపి ఇయ్యవలెను. బయలుదేరు దినమున కుమారుడు ప్రేమతో తల్లి సంచిలో పెట్టిన నోట్లకట్ట ఈ లెక్కలోనికే వచ్చును. అట్టి సొమ్మును బ్యాంకు ద్వారా పంపుట సులువు, క్షేమము.

మిగిలిన నోట్లను తిరిగివచ్చిన 180 దినములలోపల బ్యాంకులో గాని అనుమతిగల వ్యాపారికి గాని ఇచ్చివేయవలెను. రాబోవు ప్రయాణము కొరకు 2,000 డాలర్ల విలువవరకు మనయొద్ద నుంచుకొనవచ్చును. మరుసటి యేడు మరల వెళ్ళు ఉద్దేశము గలవారు వానిని అమ్మక ఉంచుకొన్నచో రెండవమారు వట్టము తప్పును. నాణెములకు పరిమితి లేదు; వ్యాపారులు సామాన్యముగా వానిని కొనరు. వానిని వచ్చుటకు ముందే విమానాశ్రయమున ఏదేని చిన్న వస్తువునకు వెచ్చించుట గాని, ఇంటనున్న పిల్లల చేతిలో పెట్టుట గాని మేలు. కార్డులో మిగిలిన సొమ్మును మరచిపోరాదు. వాడకయున్న కార్డుపై కొంతకాలమునకు రుసుములు పడుట కలదు.

ప్రయాణమునకు పదిదినములు ముందుగా ఇంటివారందరును కూర్చుండి ఒక కాగితముపై వ్రాసికొనవలెను: నేటి నడిమి ధర యెంత, దినమునకు ఖర్చెంత, నోట్లలో ఎంత, కార్డులో ఎంత, ఎవరియొద్ద ఏది. మారకపు రశీదులను దానితో కలిపి ఒక కవరులో పెట్టి, తిరిగివచ్చి మిగిలిన ద్రవ్యమును మార్చుకొనువరకు భద్రపరుపవలెను. ఈ పనికి ఒక సాయంకాలము చాలును. కడపటి సాయంకాలము మాత్రము కాకుండ చూచుకొనవలెను.